నోరూరడంతో మొదలుపెట్టు

అమ్మాయ్,

జీర్ణవ్యవస్థ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెద్ద తప్పులేం లేవు. అయినా మూడో పేరాకే నాకు ఆవలింత వచ్చింది. "మానవ జీర్ణవ్యవస్థ ఒక సంక్లిష్టమైన యంత్రం" అని ఎత్తుకున్నావు. ఆ వాక్యంలో నోరూ లేదు, ఆకలీ లేదు.

మనం రోజూ అనే మాటలతో మొదలుపెట్టి చూడు. నోరూరింది అంటాం. వాసన తగిలితే చాలు, ముద్ద నోట్లో పడకముందే లాలాజలం ఊరుతుంది. అందులోని అమైలేజ్ అనే ఎంజైము, నమిలేటప్పుడే పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. పొలమారింది అంటాం. మింగేటప్పుడు ఉపజిహ్విక అనే మూత శ్వాసనాళాన్ని కప్పుతుంది. తింటూ కబుర్లు చెబితే ఒక్కోసారి అది తడబడుతుంది. (నువ్వు కొండనాలుక అని రాశావు. అది వేరు, నోటి పైభాగం నుంచి వేలాడేది. దిద్దుకో.) పేగులు అరుస్తున్నాయి అంటాం. ఖాళీ కడుపు ఊరికే కూర్చోదు. గంటన్నర, రెండు గంటలకోసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక కదలిక సాగి, మిగిలిన తుక్కును ఊడ్చేస్తుంది. ఆ కదలికకి లోపలి గాలీ నీళ్లూ చేసే చప్పుడే ఆ అరుపు.

జీర్ణాశయానికి పేజీ ఇచ్చావు, చిన్నపేగుకి నాలుగు లైన్లు. తిరగెయ్యి. అసలు పని జరిగేది చిన్నపేగులోనే. జీర్ణాశయంలో ఆమ్లం ఎంత ఘాటంటే, అది అలాగే కిందికి దిగితే పేగు పుండవుతుంది. అందుకే చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి రాగానే క్లోమం పంపే బైకార్బొనేట్ ఆ ఘాటును విరిచేస్తుంది. విరవకపోతే క్లోమరసంలోని ఎంజైములు కూడా సరిగా పనిచెయ్యలేవు. నీ వ్యాసంలో అవయవాలన్నీ వరసగా ఉన్నాయి గానీ, ఒకదాని పని ఎక్కడ ఆగి ఇంకోదాని పని ఎక్కడ మొదలవుతుందో లేదు.

ఇంకోటి. పేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అన్నావు. నేనూ ఒకప్పుడు గొప్పగా అదే రాశాను. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్ళీ లెక్కగడితే జీర్ణనాళం మొత్తానికీ సుమారు 32 చదరపు మీటర్లే తేలింది. బ్యాడ్మింటన్ కోర్టులో సగం కూడా లేదు! అందరూ రాసే అంకె కనిపిస్తే ఒకసారి అనుమానించు.

చివర్లో ఒక్క లైనులో తోసేసిన కథే నీ వ్యాసానికి ప్రాణం. 1822లో తుపాకీ దెబ్బ తిన్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ కడుపుకి పడిన రంధ్రం పూడలేదు. వైద్యం చేసిన డాక్టర్ విలియం బోమాంట్ ఆహారం ముక్కలు పట్టుదారానికి కట్టి అందులోంచి లోపలికి వదిలేవాడు, కాసేపటికి పైకి లాగి ఎంత అరిగిందో చూసేవాడు. 1833లో అదంతా పుస్తకంగా వేశాడు. నువ్వు డాక్టర్ని పొగిడి వదిలేశావు. ఆ దారం రెండో కొసన మనిషున్నాడమ్మా! 1825లో అతను చెప్పకుండా కెనడా వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లి ఉంటాడో ఆలోచించి రాయి.

పెద్దపేగు దగ్గర మాత్రం సిగ్గుపడ్డావు. "వ్యర్థ పదార్థం" ఏమిటి, మలం అని రాయి.

రెండో ప్రతి కోసం చూస్తుంటాను. మొదటి వాక్యంలో మళ్ళీ యంత్రం కనబడిందో, చదవకుండా వెనక్కి పంపేస్తాను.