చిన్న కుక్కకు వాంతులు ఆగకపోతే ముందు మన వంటింటిని చూడండి

"అక్కా, మా పొమేరియన్ రెండు రోజులుగా తిన్నదంతా కక్కేస్తోంది. నాలుగు కిలోలు కూడా ఉండదు. కావలి నుంచి అత్తమామలు వచ్చి ఉన్నారు. ఇక్కడ వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి పోతే వందల డాలర్లంట. ఇంకో రోజు చూద్దామా?" అని డాలస్‌కి కొత్తగా వచ్చిన ఒక చెల్లెలు అడిగింది.

చూడొద్దమ్మా. ఈ రోజే తీసుకెళ్ళు. పెద్ద కుక్క ఒకసారి కక్కి మళ్ళీ తోకాడిస్తూ తిరుగుతుంటే ఒక పూట ఆగొచ్చు. ఇంత చిన్న ప్రాణికి ఆ వీలు లేదు. ఒంట్లో నీళ్ళు చప్పున తగ్గిపోతాయి. నెలల పిల్లయితే తిండి లేక రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

బయల్దేరే ముందు ఒక్క పని చెయ్యి. ఈ వారంలో దానికి ఎవరు ఏం పెట్టారో ఇంట్లో అందరినీ అడుగు, కోప్పడకుండా అడుగు. కోప్పడితే నిజం బయటికి రాదు. నెల్లూరైనా ఒంగోలైనా మన ఇళ్ళల్లో కుక్కకు పెట్టడమంటే మనం తిన్నదే ఇంత కలిపి పెట్టడం. మామగారు ప్రేమతోనే చేపల పులుసు అన్నం రెండు ముద్దలు పెట్టి ఉంటారు. ఆ ముద్దలో ఏమున్నాయో చూడు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి. ఆ సంగతి వెంటనే తెలియదు, రెండు మూడు రోజులకు చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే తెలుస్తుంది. ముల్లు గొంతులోనో పేగులోనో గుచ్చుకోవచ్చు. పైన తేలే నూనె క్లోమాన్ని వాచేలా చేస్తుంది. దాన్నే ఇక్కడ పాంక్రియాటైటిస్ అంటారు. ముందు కాళ్ళు నేలకు చాపి, వెనక భాగం పైకెత్తి, కడుపు ముట్టనివ్వకుండా ఉంటే దాన్ని అనుమానించాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది చింతపండు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని వెట్‌లకు చాలా ఏళ్ళుగా తెలుసు, కానీ వాటిలో ఏ పదార్థం ఆ పని చేస్తుందో అంతుబట్టలేదు. క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి), చింతపండు తిన్న కుక్కల్లో కూడా కిడ్నీలు అదే తీరున దెబ్బతినడం చూశాక, అన్నిట్లోనూ ఉండే టార్టారిక్ ఆమ్లం మీదికి అనుమానం మళ్ళింది. 2022లో దాని మీద పరిశోధన వ్యాసం కూడా వచ్చింది. పులుసు, పులిహోర, చారు లేకుండా మనకు పూట గడవదు కదా. అందుకే వెట్ దగ్గర "ఇండియన్ ఫుడ్ తిన్నది" అని ఊరుకోవద్దు. చింతపండు ఎంత, ఉల్లి ఎంత, పాయసంలో కిస్‌మిస్ పడిందా, అన్నీ విడివిడిగా చెప్పు. మన పులుసులో ఏం పడతాయో వెట్‌కు తెలియదు.

"ఊళ్ళో కుక్కలు ఇవన్నీ తిని బతకట్లేదా?" అని మామగారు అంటారు. ఊరి కుక్క బరువు మీ పొమేరియన్‌కి మూడు నాలుగింతలు ఉంటుంది, అదే ముద్ద దీనికి అన్ని రెట్ల మోతాదు. పైగా ఊళ్ళో ఏ కుక్క ఎందుకు చచ్చిపోయిందో రక్తపరీక్ష చేసి చూసిందెవరు?

తిండి కాకపోతే వేరే కారణాలుంటాయి. మామిడి టెంక, మొక్కజొన్న కండె, సాక్సు, జుట్టు రబ్బరు మింగితే పేగు అడ్డుపడుతుంది. తాగిన నీళ్ళు కూడా కక్కేస్తూ, దొడ్డికి పోకుండా ఉంటే ఎక్స్‌రే తీయాల్సిందే. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ అరగంటలోనే కుక్క రక్తంలో చక్కెరను పడగొట్టగలదు. అత్తమామల బీపీ, షుగర్ మాత్రలు కింద పడ్డాయేమో లెక్క చూడు. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చిన ఒకటి రెండు నెలలకు నీళ్ళు తెగ తాగుతూ కక్కుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, అది ఆ పూటే చూపించాల్సిన జబ్బు. టీకాలు పూర్తికాని పిల్లకైతే పార్వో అనే వైరస్ జబ్బు, ముసలిదానికైతే కిడ్నీ, లివర్.

తెల్లవారుజామున పరగడుపున పసుపు పసరు మాత్రం కక్కి, తర్వాత హుషారుగా తింటే అంత భయం లేదు. రాత్రి పడుకునే ముందు కాస్త తిండి పెడితే చాలాసార్లు తగ్గుతుంది. ఇంకోటి, కొన్ని పొమేరియన్‌లు గొంతులోని గాలి గొట్టం మెత్తబడి, బాతు అరిచినట్టు దగ్గి చివర్లో తెల్లటి నురగ తెస్తాయి. అది వాంతి కాదు. ఫోన్‌లో వీడియో తీసి చూపించు, కక్కినదాని ఫొటో కూడా ఉంచుకో.

మీ అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి ఉప్పునీళ్ళు పట్టి అంతా కక్కించమంటే వినొద్దు, ఉప్పే ప్రాణం తీస్తుంది. సూట్‌కేసులో తెచ్చుకున్న మన వాంతి బిళ్ళలు, నొప్పి మాత్రలు అస్సలు వేయొద్దు. విషం తిన్నదన్న అనుమానముంటే ఏఎస్‌పీసీఏ అనే ఇక్కడి జంతు సంరక్షణ సంస్థ వాళ్ళ విషాల హెల్ప్‌లైన్ 888-426-4435 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫీజు అడగొచ్చు.

డబ్బు సంగతి. ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్ వేయించుకుని వచ్చేస్తాం. ఇక్కడ ముందు ఎస్టిమేట్ కాగితం చేతిలో పెడతారు, చాలాచోట్ల డిపాజిట్ కట్టమంటారు. సిగ్గుపడకుండా అడుగు, "ఈ రోజు తప్పనివి ఏవి, రేపటికి ఆగేవి ఏవి?" అని. వాళ్ళేమీ అనుకోరు. పెట్ ఇన్సూరెన్స్ ఇప్పుడు తీసుకున్నా ఈ జబ్బుకు పనికిరాదు, ముందునుంచీ ఉన్నవాటికి ఇవ్వరు. తేరుకున్నాక తీసుకో.

తిరిగొచ్చాక అత్తగారిని పెట్టొద్దని మాత్రం అనొద్దు. వెట్ సరేనన్నాక, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం వేరే గిన్నెలో ఆమె చేతికే ఇచ్చి, కొంచెం కొంచెంగా ఆమెనే పెట్టమను.