స్వీడన్ నివాస పర్మిట్ కార్డు చేతిలో ఉన్నా బ్యాంక్‌ఐడీ ఎందుకు ఇవ్వరు?
బ్యాంక్‌ఐడీ అంటే స్వీడన్ బ్యాంకులు ఇచ్చే ఎలక్ట్రానిక్ గుర్తింపు. దానికి పర్మిట్ కార్డు చాలదు, పెర్సూన్‌నుమ్మెర్ అనే వ్యక్తిగత సంఖ్య ఉండాలి. పర్మిట్ ఇచ్చేది వలసల శాఖ; ఈ సంఖ్య ఇచ్చేది పన్నుల శాఖ, స్కాట్టెవెర్కెట్. జనాభా రిజిస్టరు వాళ్ల దగ్గరే ఉంటుంది. కనీసం ఏడాది ఉండబోయేవాళ్లనే అందులో చేర్చుకుంటారు.

అంతకంటే తక్కువ కాలానికి వెళ్తే దక్కేది సమన్వయ సంఖ్య మాత్రమే. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 1992 ఆగస్టు 15న పుట్టినవారి పెర్సూన్‌నుమ్మెర్ 920815తో మొదలవుతుంది. సమన్వయ సంఖ్యలో తేదీకి 60 కలుపుతారు కాబట్టి 920875 అవుతుంది.

పర్మిట్ వచ్చిందంటే నంబరు దానంతటదే వస్తుందనుకోవడం చాలామంది పొరపాటు. రాదు. స్వీడన్‌లో దిగాక పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు, పెళ్లయితే మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లలుంటే వాళ్ల బర్త్ సర్టిఫికెట్లు పట్టుకుని కుటుంబమంతా స్వయంగా సర్వీస్ ఆఫీసుకు వెళ్లాలి. ఆ కాగితాలు సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. నంబరు రావడానికి వారాలు పట్టొచ్చు. వచ్చాక ముందు స్వీడిష్ గుర్తింపు కార్డు తీసుకుంటే బ్యాంకులో పని సులువవుతుంది. బ్యాంక్‌ఐడీ లేనిదే స్విష్ అనే మొబైల్ చెల్లింపుల యాప్‌లో డబ్బు పంపడం కూడా కుదరదు.