రెండు ఎల్‌ఓడీ స్కోర్లు పోల్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే కుటుంబాల డేటాకి మెర్లిన్ ప్రోగ్రాం ఒక ఎల్‌ఓడీ స్కోరు (వ్యాధి జన్యువు ఒక మార్కర్‌కి, అంటే డీఎన్‌ఏలో చోటు తెలిసిన గుర్తుకి, దగ్గర్లో ఉందనడానికి ఆధారం ఎంత బలమో చెప్పే అంకె), జీన్‌హంటర్ ప్రోగ్రాం ఇంకొకటి ఇచ్చాయని, ఏది నమ్మాలని అడిగావు. అసలు రెండూ ఒకే మనుషుల్ని లెక్కలోకి తీసుకున్నాయా? ముందు అది చూడు.

రెండూ లాండర్–గ్రీన్ లెక్కింపు పద్ధతి మీద నడిచేవే. మార్కర్లు పెరిగినా తట్టుకుంటాయి, కుటుంబం పెద్దదైతే చతికిలబడతాయి. ఎంత పెద్దదో తేల్చే లెక్క చిన్నదే. వంశవృక్షంలో తల్లిదండ్రులున్న వాళ్ల సంఖ్యను రెట్టింపు చేసి, అందులోంచి ఫౌండర్ల (వృక్షంలో తల్లిదండ్రులు లేని వాళ్ల) సంఖ్య తీసెయ్. వచ్చేదాన్ని బిట్లు అంటారు. తల్లిదండ్రులున్న వాళ్లు 12 మంది, ఫౌండర్లు 5గురు ఉంటే 19 బిట్లు. ఇంకో మనవడు చేరితే 21. మనిషికి రెండు బిట్లేగా అనుకోకు, ఒక్కో బిట్‌కీ లెక్క దాదాపు రెట్టింపవుతుంది. నువ్వు మార్చకపోతే మెర్లిన్ 24 బిట్లు దాటిన కుటుంబాన్ని మొత్తంగా వదిలేస్తుంది. జీన్‌హంటరేమో కుటుంబాన్ని ఉంచుకుని, పరిమితికి లొంగేదాకా మనుషుల్ని తీసేయగలదు. తెరమీద గబగబా పైకి పోయే లైన్లలో ఈ సంగతి ఉంటుంది. ఆ లైను చదవక నేనొకసారి మూడు వారాలు రెండు గ్రాఫుల తేడాకి జీవశాస్త్ర కారణాలు వెతికాను!

కుటుంబం పెద్దది, మార్కర్లు కొన్నే అయితే ఫాస్ట్‌లింక్ పట్టుకో. అది 1971 నాటి ఎల్‌స్టన్–స్టువర్ట్ పద్ధతి, దాని బలహీనత సరిగ్గా తిరగబడి ఉంటుంది: మార్కర్లు పెరిగితే చతికిలబడుతుంది. రెండూ ఎక్కువైతే సిమ్‌వాక్2. అది శాంపిలింగ్‌తో అంచనా వేసేది కాబట్టి ఒక్క రన్‌తో సరిపెట్టకు. రక్తపోటు లాంటి కొలతలైతే సోలార్.

సంక్లిష్ట వ్యాధులకి వారసత్వ మోడల్ తెలియదు కనుక ఆ మోడల్ అక్కర్లేని ఎన్‌పీఎల్ స్కోరు వైపు వెళ్తావు, సరే. కానీ జీనోటైపులు (ఒక్కొక్కరి మార్కర్ల రీడింగులు) అసంపూర్తిగా ఉన్నప్పుడు జీన్‌హంటర్ ఎన్‌పీఎల్ మరీ పిసినారిగా తక్కువ స్కోరు ఇస్తుంది. దీనికి 1997లో కాంగ్, కాక్స్ చేసిన సవరణ మెర్లిన్‌లోనూ, అలెగ్రో అనే ఇంకో ప్రోగ్రాంలోనూ ఉంది. ఎన్‌పీఎల్‌ని ఎల్‌ఓడీ పక్కన పెట్టి పెద్దాచిన్నా చూడకు, రెండూ వేర్వేరు కొలమానాలు.

తల్లిదండ్రుల జీనోటైపులు లేకుండా దగ్గరదగ్గరగా ఉన్న ఎస్‌ఎన్‌పీలు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే మార్కర్లు) వాడితే స్కోరు గ్రాఫులో లేని శిఖరాలు లేస్తాయి. పక్కపక్క మార్కర్ల మధ్య ఉన్న ఎల్‌డీని (జనాభాలో అవి కలిసి కనిపించే ధోరణిని) పంచుకున్న వారసత్వంగా పొరబడటమే కారణం. ఎస్‌ఎన్‌పీలు పలచన చెయ్యి, లేదా మెర్లిన్‌లో వాటిని గుంపులుగా, అంటే క్లస్టర్లుగా కట్టు. అంతకంటే ముందు పెడ్‌చెక్ ప్రోగ్రాంతో మెండెల్ తప్పులు (తల్లిదండ్రుల నుంచి రావడానికి వీల్లేని జీనోటైపులు) ఏరెయ్. ఇది విసుగు పని, తప్పదు.

నాలుగు టూళ్లు, ఆరు మోడళ్లు నడిపి ఎక్కువ వచ్చింది ఏరుకునే ఆలోచన ఉంటే మానుకో. తోబుట్టువుల జంటలకి లాండర్, క్రుగ్లియాక్ 1995లో చెప్పిన 3.6 ఎల్‌ఓడీ హద్దు అంతటి ఏరివేతని లెక్కలో వేసుకున్నది కాదు.

తెరమీది ఆ లైన్లు ఉండే రెండు లాగ్ ఫైళ్లూ పంపు. కుటుంబాల సంఖ్య, మనుషుల సంఖ్య కలిశాక స్కోర్ల సంగతి మాట్లాడుకుందాం.