మీ ప్రశ్నలు - మా జవాబులు: వుడ్‌స్టాక్ బురద, బీచ్ గాలి

ప్రశ్న: వుడ్‌స్టాక్ అంటే వానలో, బురదలో జనం చిందులేసిన జాతరేగా! యాభై ఏళ్ళు దాటినా ఇంకా దాని గురించి చెప్పుకోవడం ఎందుకు?
- ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: సగం దాని మీద తీసిన సినిమా పుణ్యమేనండీ. ఈ సంగీతోత్సవం 1969 ఆగస్టు 15న న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్‌లో, మాక్స్ యాస్‌గర్ అనే పాడిరైతు పొలంలో మొదలై 18 పొద్దున్న దాకా సాగింది. ముందు అనుకున్న వాల్‌కిల్ ఊరివాళ్ళు నెల ముందు కుదరదనేశారు. కొత్త చోట స్టేజీ కట్టడానికే టైం సరిపోలేదు, ఇక కంచె ఎక్కడ! వచ్చిన జనం నాలుగు లక్షల పైమాటే అంటారు. కంచె లేని చోట టికెట్ అడిగేదెవరు? ఉచితమని ప్రకటించేశారు. మరుగుదొడ్లు 600 చిల్లర. రోడ్లు జామైపోయి పాటగాళ్ళను హెలికాప్టర్లలో దింపారు. నిర్వాహకులు అప్పుల్లో మునిగితే 1970లో వచ్చిన డాక్యుమెంటరీ, రికార్డులే గట్టెక్కించాయి. ఆ డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది.

జిమీ హెండ్రిక్స్ గిటార్ మీద అమెరికా జాతీయగీతం వాయించిందే చూడండి. అది సోమవారం పొద్దున్న, జనంలో చాలామంది ఇంటిదారి పట్టాక. ప్రపంచం చూసింది తెరమీదే. ఆ స్థలంలో ఇప్పుడు కళాకేంద్రం, మ్యూజియం ఉన్నాయి. 2017లో అమెరికా దాన్ని చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది.

ప్రశ్న: పండిట్ రవిశంకర్ అక్కడ వాయించారట, నిజమేనా?
- ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: నిజమే. మొదటి రాత్రి, వానలో. తబలా అల్లారఖా. ఆ వాతావరణం తనకు నచ్చలేదని ఆయనే తర్వాత చెప్పారు. తడిగాలికి తబలా, మృదంగాల చర్మం చెమ్మ పీల్చి సాగుతుంది, శ్రుతి దిగుతుంది. మన బీచ్‌లోనూ అంతే. వాద్యాలను ఏసీ గదిలో శ్రుతి చేసి నేరుగా స్టేజీ ఎక్కిస్తే మొదటి కీర్తనకే తేడా కొడుతుంది. అరగంట ముందే బయటికి తెచ్చి, ఆ గాలికి అలవాటు పడ్డాక శ్రుతి చేసుకోవాలి.

ప్రశ్న: భీమిలి రోడ్డు పక్క మైదానంలో పాటల కార్యక్రమం పెట్టాం. వెనక వరుసల్లో ప్రతి మాటా రెండుసార్లు వినిపించింది. సౌండ్ పెంచితే ఇంకా పాడైంది.
- ఒక యువజన సంఘం సభ్యులు

జవాబు: వెనక బాక్సులకు డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలే ఏర్పాటు) పెట్టలేదు, అంతే. వైరులో పాట క్షణంలో వెనక్కి చేరుతుంది. గాలిలో మాత్రం మన ఉక్కకు సెకనుకు దాదాపు 350 మీటర్లే నడుస్తుంది. ముందు, వెనక బాక్సుల మధ్య 60 మీటర్లుంటే 60ని 350తో భాగించండి: సుమారు 171 మిల్లీసెకన్లు. డిజిటల్ మిక్సర్‌లో వెనక బాక్సుల అవుట్‌పుట్‌కు ఇది పెట్టి, మెట్రోనోమ్ టిక్ టిక్‌లు వదలండి. వెనక బాక్సు పక్కన నిలబడి రెండు టిక్‌లూ ఒకటయ్యేదాకా సరిచేయండి. ఆపైన ఇంకో 10 మిల్లీసెకన్లు కలిపితే పాట స్టేజీ నుంచే వస్తున్నట్టుంటుంది. వెనక సౌండ్ అవసరానికి మించి పెంచితే ఈ కష్టమంతా వృథా. డిలే లేనప్పుడు మొత్తం సౌండ్ పెంచితే మీకైనట్టే రెండో మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. 1973లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ కచేరీలో వెనక టవర్లకు డిజిటల్ డిలే వాడారు; ఆ పద్ధతే ఇప్పుడు మన మైకు సెట్టుల దాకా వచ్చింది.

బాక్సులు తలలకంటే ఎత్తులో ఉండాలి. ముందు వరుసల జనమే పైస్థాయి స్వరాలను మింగేస్తారు. సాయంత్రం గాలి సముద్రం నుంచి వీస్తుంది కాబట్టి స్టేజీ అటువైపుంటే పాట జనానికి బాగా చేరుతుంది. వెనక అపార్ట్‌మెంట్లకూ చేరుతుందనుకోండి! పోలీసు అనుమతి ముందే తీసుకోండి. రాత్రి 10కి మైకు కట్టెయ్యాలి, కాబట్టి వందన సమర్పణ ప్రసంగాలన్నీ ముందే కానిచ్చేయండి.