పాలు మానని కుందేలు పిల్లల్ని అమ్మితే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. గత నెల మా పాప పుట్టినరోజుకి ఊళ్లోనే ఒక పెట్ షాపులో రెండు కుందేలు పిల్లల్ని కొన్నాం. జత 1,200 రూపాయలు. ఫోన్‌పేలో కట్టాం, బిల్లు ఇవ్వలేదు. నెల దాటిన పిల్లలే, క్యారెట్, కొత్తిమీర పెట్టండి అన్నాడు. అవి దేన్నీ ముట్టలేదు. మూడో రోజుకి విరేచనాలు పట్టుకుని ఒకటి చనిపోయింది. రెండోదాన్ని పశువుల డాక్టరు గారికి చూపిస్తే మూడు వారాలు కూడా నిండలేదని, ఇంకా తల్లి పాలు తాగాల్సిన వయసని చెప్పారు. షాపతన్ని అడిగితే "ప్రాణమున్నవాటికి గ్యారంటీ ఉండదు, కావాలంటే ఇంకోటి ఊరికే తీసుకెళ్లండి" అన్నాడు. పోలీసు స్టేషన్‌లో ఇది కేసు కాదమ్మా అని పంపేశారు. అతను ఇప్పటికీ అలాంటి పిల్లల్నే బుట్టలో పెట్టి అమ్ముతున్నాడు. మేం ఏం చేయగలం? మా తమ్ముడు మేడ మీద కుందేళ్లు పెంచి అప్పుడప్పుడు పిల్లల్ని అమ్ముతుంటాడు. ఈ చట్టాలు వాడికీ వర్తిస్తాయా?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ షాపతను ఊరికే ఇస్తానన్న పిల్లని తీసుకోకండి. తీసుకుంటే రేపు వినియోగదారుల కమిషన్ ముందు "అప్పుడే రాజీ అయిపోయింది" అంటాడు. పైగా అదీ తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చిన పసికూనే. జాలిపడి డబ్బిచ్చి కొని కాపాడదామని కూడా అనుకోకండి. ఆ డబ్బుతో మరో బుట్ట తెప్పిస్తాడు.

మీ కేసంతా ఆ పిల్లల వయసు మీద నిలబడి ఉంది. కుందేలు పిల్ల ఒంటి మీద బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. కళ్లు తెరవడానికే పది పన్నెండు రోజులు పడుతుంది. తల్లి రోజుకి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. ఆ కొద్ది పాలే దాని కడుపుని రోగాల నుంచి కాపాడతాయి. మూడో వారం దాటాక గడ్డి కొరకడం మొదలుపెట్టినా, పాలు పూర్తిగా మానేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎనిమిది వారాలు నిండాక వేరుచేయడం మంచిదని పశువైద్యులు చెబుతారు. మూడు వారాలు నిండని దానికి క్యారెట్ పెట్టమనడమంటే విరేచనాలు పట్టించడమే. చనిపోయిన పిల్లకి పోస్టుమార్టం చేయించే వీలు ఇప్పుడు లేదు కాబట్టి మీ చేతిలో ఉన్న సాక్ష్యం బతికున్న పిల్లే. మొదట చూసిన డాక్టరు గారినే అడిగి, చూసిన తేదీ, ఆ రోజు దాని బరువు, పళ్లు, ఒంటి పరిస్థితి, అంచనా వయసు, పాలు మానలేదన్న మాట రాయించి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో సర్టిఫికెట్ తీసుకోండి. నోటిమాటగా చెప్పింది పనికిరాదు.

ఇక పోలీసుల మాట. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని సెక్షన్ 11(1)(కె) ప్రకారం ఆకలితోనో, దాహంతోనో, ఇరుకులో కుక్కడం వల్లనో, మరో రకమైన హింస వల్లనో బాధపడుతున్న జంతువుని అమ్మకానికి పెట్టడమే నేరం. పాలు తాగే పిల్లకి పాలు అందకుండా చేసి బుట్టలో పెట్టడం ఆకలికి మాడ్చడమేనని నేను ధైర్యంగా వాదిస్తాను. కాకపోతే ఈ క్లాజు కింద పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. మీతో "కేసు కాదు" అన్నది బహుశా ఈ ఉద్దేశంతోనే. అంతమాత్రాన తిప్పి పంపేయడం సరికాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 174 ప్రకారం ఫిర్యాదు సారాంశం పుస్తకంలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకి పంపాలి. అదీ చేయకపోతే సెక్షన్ 223 కింద మీరే నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి. క్రూరత్వ నిరోధక చట్టం సెక్షన్ 36 ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే ప్రాసిక్యూషన్, అంటే కోర్టులో కేసు, మొదలవ్వాలి. మీకు ఇప్పటికే ఒక నెల గడిచింది.

శిక్ష ఎంతో కూడా తెలిసి దిగండి. మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960 నాటి అంకెలే ఇంకా నడుస్తున్నాయి. ఇది సిగ్గుపడాల్సిన విషయం. అయినా మొదటి కేసు రికార్డుకెక్కడం అవసరం, ఎందుకంటే జైలు మాట వచ్చేది రెండో కేసు నుంచే. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 325, అంటే జంతువుని చంపిన నేరం, పెడితే అయిదేళ్లు పడుతుందని ఎవరైనా మీకు చెప్పొచ్చు. దాని కింద నష్టం కలిగించాలన్న ఉద్దేశమో, కలుగుతుందన్న ఎరుకో నిరూపించాలి. మీ విషయంలో దానికోసం తిరగమని నేను చెప్పను.

నా లెక్కలో ఆ షాపుని నిజంగా ఆపగలిగేది పెట్ షాపుల నిబంధనలు, 2018. కుందేలు పేరు అందులో స్పష్టంగా ఉంది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ లేకుండా పెట్ షాపు నడపడానికి వీల్లేదు. జంతువులు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎన్ని చచ్చిపోయాయి అన్నది రికార్డు రాయాలి. జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ చిరునామాలో ఉన్న షాపుకి రిజిస్ట్రేషన్ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు కోసం ఆగకుండానే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో డాక్టరు సర్టిఫికెట్, బుట్ట ఫొటోలు జతచేసి అర్జీ ఇవ్వండి. రసీదు నంబరు దాచుకోండి. ఫొటోలు షాపు బయట రోడ్డు మీద నుంచి తీసినవైతే చాలు, లోపలికెళ్లి గొడవ పెట్టుకోకండి.

మీ డబ్బు సంగతికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. కదిలించగల ఏ వస్తువైనా ఆ చట్టంలో సరుకే, కుందేలూ అంతే. వయసు తప్పు చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వననడం, మూడూ అనుచిత వ్యాపార పద్ధతుల కిందకే వస్తాయి. "గ్యారంటీ లేదు" అని నోటితో అన్నా, బోర్డు పెట్టినా అతని బాధ్యత పోదు. బిల్లు లేదని దిగులు పడకండి, ఫోన్‌పే లావాదేవీ ఉంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి, ఆ ఫోన్‌లో అసలు రికార్డు చెరిపేయకండి. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. మీరు ఉండేచోటే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. గడువు రెండేళ్లు కాబట్టి దీనికి తొందర లేదు. 1,200 రూపాయలతో పాటు డాక్టరు ఖర్చు, మందుల ఖర్చు, పాప పడ్డ బాధకి పరిహారం అడగండి. పెద్ద మొత్తం వస్తుందని మాత్రం ఆశపెట్టను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ఒక్కోసారి నోటీసు దాకా వెళ్లకుండానే డబ్బు తిరిగొస్తుంది. అలా వస్తే డబ్బు తీసుకోండి గానీ, క్రూరత్వం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఎక్కడా సంతకం పెట్టకండి.

మీ తమ్ముడి విషయం. పెట్ షాపు నిర్వచనంలో అమ్మకానికి జంతువుల్ని ఉంచే ఏ చోటైనా, సంతలైనా, ఆన్‌లైన్ అమ్మకాలైనా వస్తాయి. మేడ మీద కదా, అద్దె షాపు కాదు కదా అంటే కుదరదు. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి ఈతకీ ఈతకీ పిల్లల్ని అమ్ముతుంటే రిజిస్ట్రేషన్ గురించి పశుసంవర్ధక శాఖలో ఇప్పుడే అడగమనండి. ఎప్పుడో ఒకసారి తెలిసినవాళ్లకి ఒక జత ఇచ్చినా క్రూరత్వ నిరోధక చట్టం సెక్షన్ 3 ప్రకారం తన దగ్గరున్న జంతువు బాగోగులు చూడాల్సిన బాధ్యత అతనిదే. పుట్టిన తేదీ గూటి మీద రాసిపెట్టుకుని, ఎనిమిది వారాలు నిండాక, తల్లి పాలు మాని తమంతట తామే గడ్డి తింటున్న పిల్లల్నే ఇవ్వమనండి. తీసుకున్నవాళ్లకి ఆ తేదీ కాగితం మీద రాసివ్వమనండి.