అమ్మీ, నీ దెయ్యానికి ఊరు లేదు

తిరుపతి

అమ్మీ,

నువ్వు పంపిన నవల మొత్తం చదివాను. రెండు రాత్రులు పట్టింది. భయం వల్ల కాదులే, కళ్ళద్దాలు పాతబడిపోయి. "మామా, మొహమాటం లేకుండా చెప్పు" అన్నావు కాబట్టి చెబుతున్నా. నీ వాక్యం బాగుంది, దెయ్యమే బాలేదు.

కొండ మీద పాడుబడిన బంగళా, మెరుపులు, తెల్లచీర, గజ్జెల చప్పుడు. ఆ బంగళా ఏ ఊళ్ళో ఉందో నాకు తెలీలేదు. నీకూ తెలిసినట్టు లేదు. నవ్వు కోసం మధ్యలో ఒక వంటవాణ్ణి పెట్టావు. వాడు రాగానే భయం పోతోంది, దెయ్యం రాగానే నవ్వు పోతోంది. ముప్పై ఏళ్ళు వారపత్రికలకు దెయ్యం కథలు రాస్తూ నేను చేసిన తప్పు కూడా ఇదే. అందుకే ఇంత తొందరగా దొరికిపోయావు.

నువ్వు పుట్టిన ఊళ్ళో "గోవిందా" అనే మాట ఒకటుంది కదా. అలిపిరి మెట్ల మీద ఆయాసపడుతూ అదే అంటాం. పాడె మోసుకుపోయేటప్పుడూ అదే. చీటీలవాడు రాత్రికి రాత్రి పరారైతే "రెండు లక్షలు గోవిందా" అంటాం. ఇప్పుడు నీ కథలో ఒకడు అర్ధరాత్రి లిఫ్టులో ఒక్కడే ఉన్నాడనుకో. వెనకనుంచి ఎవరో మెల్లగా "గోవిందా" అన్నారు. ఏ గోవింద అది? వాడికి తెలియకూడదు, చదివేవాళ్ళకూ తెలియకూడదు. దీనికి మెరుపులు అక్కర్లేదు, కరెంటు పోవాల్సిన పనీ లేదు.

ఈ మే నెలలో గంగమ్మ జాతరకైనా లీవు పెట్టి రా. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను గానీ, నీ ధ్యాసంతా బొరుగుల మీదే ఉండేది. కథ నీకు తెలుసు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆవిడ రోజుకో వేషం మార్చి వాడి కోసం ఊరంతా వెతుకుతుంది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వచ్చాడనుకుని వాడు బయటికి రాగానే తల నరుకుతుంది. ఇంతవరకు అందరూ చెబుతారు. మర్నాడు ఆవిడ మాతంగి వేషంలో ఆ పాలెగాడి పెళ్ళాం దగ్గరికే వెళ్ళి ఓదారుస్తుంది చూడు, నన్ను ఇన్నేళ్ళుగా వదలనిది అది. చంపిందీ తనే, పలకరించడానికి వెళ్ళిందీ తనే. ఆ గుమ్మంలో ఇద్దరాడవాళ్ళు ఏం మాట్లాడుకున్నారు? "కూర్చోమ్మా" అని ఆవిడ పీట వేసిందా? నేను నాలుగుసార్లు రాయబోయి చించేశాను. నువ్వు రాయి.

ఎనిమిదేళ్ళప్పుడు నేను బండ వేషం వేసుకుని, ఒంటినిండా కుంకుమ పూసుకుని, ఎదురొచ్చిన మా లెక్కల అయ్యవారిని నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. జాతరలో బూతు అమ్మవారికి మొక్కు కదా. ఆయన చెప్పులు విడిచి నాకు దండం పెట్టాడు. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఒక లెక్క తప్పితే నాకు మాత్రం రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి. అవి దేనికో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. భయం, భక్తి, నవ్వు మూడూ ఆ రెండు దెబ్బల్లోనే ఉన్నాయి. వేరే వంటవాడెందుకు?

ఇంకొకటి, ఇది కాస్త జాగ్రత్తగా చదువు. మా నాయన పోయిన రోజు శవం వసారాలో ఉంది. మా మేనత్త "నన్నిడిచి పోతివా అన్నా" అని రాగం తీసి ఏడుస్తోంది. ఆమె కూర్చున్న చోటికి పక్కింటి వంటిల్లు కనబడుతుంది. పక్కింటామె మా అందరికీ కాఫీ పెడదామని పాలు పొయ్యి మీద పెట్టి ఇటు వచ్చింది. మేనత్త రాగం ఆపకుండా, అదే గొంతుతో, "పాలు పొంగుతుండాయి చూడవే తల్లీ" అనింది. ఆ రోజు ఎవరం నవ్వలేదు. పదకొండో రోజు గుర్తొచ్చి పడిపడి నవ్వాం.

నీ నవలలో ఆ పాలు పక్కింట్లో కాకుండా మనింట్లోనే పొంగనీ. మేనత్త మాటకు చదివేవాడు ఫక్కున నవ్వాలి. రెండు వాక్యాలు పోయాక, ఏ మూలో కూర్చున్న చిన్నపిల్ల "శవం లేచేదాకా మనింట్లో పొయ్యి వెలిగించరు కదా?" అని అడగాలి. అంతే, అధ్యాయం ఆపెయ్. పాలు ఎవరు పెట్టారో మాత్రం చచ్చినా చెప్పకు. (కాకి పిండం ముట్టని సీను వద్దు. అందరూ రాసేశారు.)

దేన్ని చూసి నవ్వాలో కూడా చూసుకో. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత ఒక పసిపిల్లను పొట్టనబెట్టుకుంది. తర్వాత నడిచి వెళ్ళేవాళ్ళకు చేతికర్రలు ఇచ్చారు. 3,550 మెట్ల దారి, చేతిలో కర్ర. కర్ర మీద జోకులు వేసుకుంటూనే, గుంపులో ఆఖరివాడిగా నడవడానికి మాత్రం ఎవడూ ఒప్పుకోడు. ఆ కర్ర మీద రాయి, ఆఖరివాడి మీద రాయి. ఆ పాప జోలికి పోకు. పూనకం వచ్చే ఆడమనిషిని కూడా కామెడీకి వాడకు. సినిమాలు ఆ పని చాలినంత చేశాయి.

దెయ్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే తేల్చుకో. నీది ఒకచోట గోడలోంచి దూరింది, ఇంకోచోట తలుపు కొట్టింది! నేను పెన్షన్ కోసం ఏటా బతికున్నానని రుజువు చూపించాలి. మొన్న నా వేలిముద్ర మూడుసార్లు పడలేదు. "తాతా, రేపు రండి" అన్నాడు మిషన్ దగ్గరి కుర్రాడు. రుజువు లేకుండానే ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నా వెనక నిలబడ్డ ముసలాయనకు మొదటిసారే పడింది. ఆయన పోయి ఆరు నెలలైందనుకో. కావాలంటే నువ్వు తీసుకో.

భాష సంగతి. నీ దెయ్యం టీవీ యాంకరులా "ఎక్కడికి వెళ్తున్నావు?" అంటోంది. మన చింతచెట్టు కిందినుంచి "యాడికి పోతా ఉండావు?" అని వినిపిస్తే నాకిప్పటికీ కాళ్ళు ఆడవు.

బంగళా అధ్యాయాలు మూడూ తీసెయ్. అవే బాగా కుదిరాయని నీకుంటుంది, తెలుసు. అయినా తీసెయ్. జాతరకు వస్తావని మీ అత్త అప్పుడే నీ గది ఊడ్పించింది. బెంగళూరు బస్సు రాత్రిపూట దించితే ఫోన్ చెయ్, బస్టాండుకు నేనే వస్తాను. వెనకనుంచి ఎవరైనా నీ పేరు పెట్టి పిలిస్తే తిరగొద్దు. నేను ముందునుంచే వస్తా.

మీ మామ