హైస్కూలు పిలకాయలకి గ్రాఫిక్ డిజైన్ ప్రాజెక్టు ఏమివ్వాలి: ఒక ఫ్లెక్సీ షాపు వాడి మాట

మీ గవర్నమెంటు హైస్కూల్లో తొమ్మిదో తరగతి వాళ్లతో డిజిటల్ ఆర్టు, గ్రాఫిక్ డిజైన్ ప్రాజెక్టులు చేయించాలి, ఏవి బాగుంటాయి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగారు సార్. కొనాల్సిందేమీ లేదు, ముందు అది చెప్పేస్తా. బొమ్మలేసుకోడానికి క్రిటా, అక్షరాలకీ లోగోలకీ ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దుకోడానికి గింప్, మూడూ ఉచితమే. ల్యాబ్ కంప్యూటర్లలో ఏదీ ఎక్కించనివ్వకపోతే బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫొటోపీ ఉంది. దీని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు, నేను చెప్పాలనుకున్నది వేరే.

కావలిలో మాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుంది. స్కూలు ప్రాజెక్టుల సంగతి నాకు తెలిసినంత మీ హెడ్మాస్టర్ గారికి కూడా తెలియదని పందెం కాస్తా. రాత్రి షట్టర్ దించబోయే టైముకి స్కూటీ వచ్చి ఆగుతుంది, "అన్నా, రేపు పొద్దున్నే ఇవ్వాలంట, నీటిని కాపాడండి అని ఒక పోస్టర్ కొట్టిచ్చెయ్, నీకు పుణ్యముంటుంది" అంటారు. రెండు చేతులు, చేతుల్లో భూగోళం, పైన ఒక నీటి చుక్క. ఆ బొమ్మలకి మా కంప్యూటర్లో విడిగా ఒక ఫోల్డరే ఉంది, నీరైతే చుక్క, చెట్లైతే మొక్క, మిగతాదంతా అదే, కింద పేరూ సెక్షనూ మార్చడమే. చేసింది మా డిజైనర్, మార్కులు పిలకాయకి, డబ్బులు నాకు, డిజైన్ నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడైతే మా దగ్గరికి కూడా రావడం లేదు, ఏఐకి చెప్పి బొమ్మ తెచ్చుకుంటున్నారు, అందులో తెలుగు అక్షరాలు చూస్తే ఏ లిపో కూడా అర్థం కాదు, అయినా అట్లాగే ప్రింటు తీయమంటారు.

అందుకే నా మాట ఒకటే: మార్కులేసే సారు కాకుండా, ఆ డిజైన్ని నిజంగా వాడుకునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి బాగాలేదంటే మళ్లీ చెయ్యాలి. ఇది లేని ప్రాజెక్టు టైమ్ పాస్.

మా షాపు ఎదురు వరసలో సాయంత్రం పూట ఒకామె కారం దోశల బండి పెడుతుంది. వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బండికి బోర్డు తనే చేస్తానని ఫోన్లో తయారుచేసుకుని నా వాట్సాప్‌కి పంపించాడు. వెనకాల నెట్‌లో దొరికిన నిగనిగలాడే దోశ ఫోటో, అరిటాకు, పక్కన మూడు రకాల చట్నీలు (వాళ్ల బండి మీద ఉండేది ఒక్కటే), దాని మీద ఎర్ర అక్షరాలు, చుట్టూ పసుపు గీత, గీత చుట్టూ నీడ, నీడ చుట్టూ మెరుపు. మూడడుగుల వెడల్పు కావాలన్నాడు. ఆ ఫైలు అడ్డంగా 1080 పిక్సెళ్లు, మూడడుగులంటే 36 అంగుళాలు, అంటే అంగుళానికి 30 పిక్సెళ్లు, అంత తక్కువైతే దగ్గరికొచ్చి చూస్తే బొమ్మ మసకబారుతుంది. మామూలుగా అయితే నేనే సరిచేసి కొట్టిచ్చేవాడిని. వాడు ఉత్సాహంగా ఉన్నాడని మిగిలిన ఫ్లెక్సీ ముక్క మీద ఉన్నదున్నట్టు తీసిచ్చి, పోయి కట్టుకో అన్నా.

కట్టాడు. వాళ్లమ్మ చేతులు తుడుచుకుని రోడ్డు దాటి మా మెట్ల మీదికొచ్చి నిలబడి చూసింది. "దోశ కనపడతాంది గానీ రేటు కనపడలా నాయనా" అంది. కాసేపాగి, "దోశ పెనం మీద ఉండనే ఉంది కదా, మళ్లా ఫోటో ఎందుకు? వచ్చినోళ్లు అడిగేది ఎగ్ వేస్తే ఎంత అని, అది ఏడ పెట్టినావు?" అంది. డిజైన్ కోర్సుల్లో ఫీజు కట్టించుకుని ఇంతకంటే ఏం చెప్తారో నాకు తెలియదు.

పిల్లోడు మొహం ముడుచుకున్నాడు గానీ పోలేదు, మా డిజైనర్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. ఫోటో తీసేశాడు. పసుపు మీద నల్ల అక్షరాలు. బోర్డుల వాళ్లు ఒక లెక్క చెప్తారు, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని. రోడ్డు అవతల నుంచి కనపడాలంటే మూడంగుళాలు. అది ఇంగ్లీషు అక్షరాల లెక్క సార్, మనకి పైన గుడులూ కింద ఒత్తులూ ఉన్నాయి కాబట్టి ఇంకో సగం కలపాలని నా లెక్క. వరసల మధ్య ఖాళీ కూడా అంతే. వాడు మొదట ఇంగ్లీషుకి వదిలినంతే వదిలితే "ఉల్లి దోశ"లో లావత్తు కిందకి దిగి, కింద వరసలో "నెయ్యి దోశ" గుడి మీద కూర్చుంది. ఆ రెండిటినీ విడదీయడానికి వాడు మౌసుతో ఒక్కో వరసా కిందకి జరుపుతూ, లేచి గుమ్మం దాకా పోయి చూడటం, మళ్లీ వచ్చి జరపడం. అన్ని వరసలకీ చోటు చాలకపోతే ఎవరూ అడగని ఐటమ్స్ తీసేయమని వాళ్లమ్మే చెప్పింది. సగానికి సగం పోయినాయి.

ఇంకొకటి కూడా ఆమే అడిగింది, నూనె రేటు పెరిగితే మళ్లీ బోర్డు కొట్టించాలా అని. దానికి వాడు రేట్ల చోట తెల్ల డబ్బాలు వదిలి, అంకెలు వినైల్ స్టిక్కర్ల మీద విడిగా తీయించుకున్నాడు. ఆ ఉపాయం నాకు తట్టలేదు, ఇప్పుడు వేరే హోటళ్లకి నేనే చెప్పి చేస్తున్నా.

ఫాంట్ల గోల కూడా చెప్పాలి. మా షాపుల్లో సగం మంది ఇప్పటికీ అను ఫాంట్ల మీదే బతుకుతున్నాం, అవి పాత పద్ధతివి, పిలకాయలు ఫోన్లో కొట్టేది యూనికోడ్, అంటే ఫోన్లూ నెట్టూ అన్నీ వాడే పద్ధతి, ఒకదానిది ఒకదాంట్లో పెడితే చెత్త వస్తుంది. పాత ఫొటోషాప్‌ వెర్షన్లలో యూనికోడ్ తెలుగు కొడితే ఒత్తులు ఊడి పక్కన పడతాయి, సెట్టింగ్స్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఇంజిన్ పెట్టుకుంటే గానీ దారికి రాదు. ఇంక్‌స్కేప్‌లో ఆ బాధ లేదు. రామభద్ర, మండలి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి, బోర్డుకైతే రామభద్ర లావుగా నిలబడుతుంది. రంగుల సంగతి కూడా పిలకాయలకి ముందే చెప్పండి: ఫోన్ తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, మా మిషను ఇంకు చల్లుతుంది, ఫోన్లో మెరిసే ఆ చిలకపచ్చ ఫ్లెక్సీ మీద రాదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే వాట్సాప్ దాన్ని నలిపి పంపిస్తుంది.

పుట్టినరోజు ఫ్లెక్సీలు మాత్రం ప్రాజెక్టుగా ఇవ్వకండి. అందులో డిజైన్ అనేదే లేదు, ఎవరి తల పెద్దదిగా ఉండాలి, ఎవరు గుండ్రంలో ఉండాలి అన్న పంచాయితీ తప్ప. తల అరంగుళం తగ్గిందని అర్ధరాత్రి ఫోన్ చేసి తిట్టినవాళ్లున్నారు. మా ఆదాయమంతా వాటి మీదే కాబట్టి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

మీ ఊళ్లో బస్సుల టైముల బోర్డు ఉందా? ఉన్నా ఎవరికైనా అర్థమవుతుందా? పిలకాయల్ని బస్టాండుకి పంపి, కళ్లద్దాల్లేని ముసలాయన కూడా చదివేటట్టు చేయించండి. పచ్చళ్లు పెట్టే డ్వాక్రా గ్రూపుకి సీసా లేబులు, ఉదయగిరి వైపు వాళ్లైతే చెక్క గరిటెలు చేసేవాళ్లకి ఒక చిన్న ట్యాగు. బొమ్మలేసే పిలకాయలుంటే ఒంగోలు గిత్తని క్రిటాలో వేయమనండి, కాకపోతే గూగుల్ ఫోటో చూసి కాదు, మూపురం ఎక్కడ మొదలవుతుందో, గంగడోలు ఎట్లా మడతలు పడుతుందో దగ్గరికి పోయి చూసి కాగితం మీద ఒకసారి గీసుకొచ్చినాకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి.

లాప్‌టాప్ కొనాలా అని చివర్లో అడిగారు, ల్యాబ్‌లో ఉన్నవాటితో ముందు మొదలుపెట్టండి. కావలి వైపు వస్తే పిలకాయల్ని షాపుకి తీసుకురండి, మిషను చూపిస్తా, మిగిలిన ముక్కల మీద ఊరికే తీసిస్తా. మధ్యాహ్నం పూట రండి, పెళ్లిళ్ల సీజన్లో, ఎలక్షన్లప్పుడు మాత్రం వద్దు.